మన నాడీమండలము - దాని పరిపాలన

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంతకు పూర్వము ఇట్టి తరగతులలో మేము మంచినీటి పథకములను గూర్చియు, ఇంటిపన్నుల వసూలును గూర్చియు మాటలాడియున్నాము. నేడు మాకు ఒప్పగించిన విషయము నాడీమండలము. ఇది వైద్యుల విషయము గదా, పంచాయతీకి దీనితో ఏమి పని అని ముందు వరుసలోని పెద్దలు ఒకరి మొగము ఒకరు చూచుకొనుచున్నారు. పురుగుమందు కొట్టుచు చేనిలో పడిపోయిన కూలీని గాని, రాత్రి పాము కరచిన పిల్లను గాని, తెల్లవారుసరికి నోరు వంకరపోయిన ముసలివారిని గాని మొదట చూచునది వైద్యుడు కాడు. ఇరుగుపొరుగువారు చూతురు, వెంటనే వచ్చి మీ తలుపు తట్టుదురు. ఆ మొదటి గంటలో మీరు ఏమి చెప్పుదురో ఊరు అదియే చేయును. కావున ఈ విషయము మీది కూడ.

మొదట మాటను సరిచేసికొందము. తెలుగులో నరము అను మాటను మనము మూడు నాలుగు వస్తువులకు వాడుచున్నాము. ముంజేతిమీద నీలముగా ఉబ్బి కనిపించుదానిని నరమందుము. అది రక్తమును గుండెకు తిరిగి తీసికొనిపోవు సిర. మడమ వెనుక తాడువలె గట్టిగా తగులుదానిని నరమందుము; అది పిక్క కండను ఎముకకు కట్టియుంచు పట్టె. రాత్రివేళ పిక్క పట్టుకొన్నచో నరము పట్టినదందుము. అప్పుడు పట్టినది కండ. అసలు నరమెక్కడ నున్నదో తెలియవలెనన్న మోచేయి ద్వారబంధమునకు తగిలిన సందర్భమును జ్ఞాపకము చేసికొనుడు. చిటికెనవ్రేలి వరకు జివ్వున లాగును గదా, అక్కడ దెబ్బ తగిలినది నిజమైన నరమునకే. అది తెల్లని పోగులను కట్టగట్టినట్లుండును. అందులో రక్తము పారదు, వార్త పారును.

బస్సుస్టాండు గోడలమీద నరముల బలహీనతకు మందిత్తుమని వ్రాసిన ప్రకటనలను మీరు చూచియే యుందురు. ఆ ప్రకటనలలోని రోగమునకును, మేము చెప్పబోవు నాడీమండలమునకును ఎట్టి సంబంధమును లేదు.

నాడీమండలములో మెదడు, వెన్నుపాము ఒక భాగము. వానినుండి బయలుదేరి ఒడలంతయు వ్యాపించిన నరములు రెండవ భాగము. పెద్దవాని మెదడు సుమారు 1,400 గ్రాములు తూగును. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లే యైనను, మనము పీల్చు ప్రాణవాయువులో ఐదవ వంతును ఇదియే ఖర్చుపెట్టును. కొద్ది నిమిషములు రక్తము అందనిచో దీని కణములు చావ మొదలిడును. పూర్వపు పుస్తకములలో మెదడునందు 10,000 కోట్ల నాడీకణములున్నవని వ్రాయుచుండిరి. 2009లో కొత్త పద్ధతిని లెక్కించినవారు ఆ సంఖ్య 8,600 కోట్లకు దగ్గరగా నున్నదని తేల్చిరి. వెన్నుపాము చిటికెనవ్రేలి లావున, సుమారు 45 సెంటీమీటర్ల పొడవున వెన్నెముక లోపల దిగియున్నది. దాని ఇరుప్రక్కల నుండి 31 జతల నరములు బయలుదేరును. కన్ను, చెవి, ముక్కు, ముఖము మొదలగువాని కొరకు మెదడునుండి నేరుగా మరి 12 జతలు కలవు.

వార్త ఎంత వేగముగా పోవునన్న ప్రశ్నకు చిరకాలము జవాబు లేకపోయెను. అది కొలవరానంత వేగమని పండితులు తలచిరి. 1850లో జర్మనీ దేశస్థుడు హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరముమీద ప్రయోగము చేసి, సెకనుకు 30 మీటర్ల ప్రాంతమని కొలిచి చూపెను. మనుష్యుని నరములలో మిక్కిలి వేగముగలవి సెకనుకు 120 మీటర్ల వరకు వార్తను కొనిపోగలవు. బాధను మోసికొనివచ్చు సన్నని పోగులు కొన్ని సెకనుకు ఒక మీటరుకు మించి పోలేవు. అందుచేతనే వట్టి కాళ్లతో గట్టుమీద నడచునపుడు ముల్లు దిగిన సంగతి ముందు తెలియును, సలుపు తరువాత వచ్చును.

ప్రతి వార్తయు మెదడు వరకు పోయి, ఉత్తర్వు పుట్టి, తిరిగి రావలెనన్న నియమము లేదు. పొయ్యిమీది గిన్నె చురుక్కుమనిన చేయి ముందే వెనుకకు వచ్చును. కాలినదని మనకు తెలియుట ఆ తరువాతి మాట. ఆ ఉత్తర్వు వెన్నుపామే ఇచ్చినది. చెరువుకట్టకు గండి పడినపుడు మీరు కలెక్టరు ఆఫీసునుండి కాగితము వచ్చువరకు కూర్చుందురా? ముందు ఇసుక బస్తాలు వేయుదురు, నివేదిక పిదప పంపుదురు. వెన్నుపాము చేయునదియు అంతే.

మనము కావలెనని చేయు పనులు, అనగా నడచుట, నాగలి పట్టుట, మాటలాడుట, మెదడు పైపొరల ఆజ్ఞచే జరుగును. ఇందొక విశేషమున్నది. ఎడమ మెదడు కుడి అంగములను, కుడి మెదడు ఎడమ అంగములను ఏలును. మన కోరికతో పనిలేక రాత్రింబవళ్లు జరుగు పనులు వేరొకటి. గుండె కొట్టుకొనుట, ఊపిరి, అరుగుదల, చెమట, కంటిపాప పెద్దది చిన్నది యగుట ఇందులోనివి. వీనికి రెండు పక్షముల నరములున్నవి. పొగరుబోతు ఎద్దు తరుముకొని వచ్చినపుడు గుండె దడదడలాడును, నోరెండిపోవును, కంటిపాప విచ్చుకొనును. అది మొదటి పక్షము. భోజనముచేసి వేపచెట్టు క్రింద మంచమువాల్చి పండుకొన్నపుడు గుండె నెమ్మదించును, నోట ఉమ్మి ఊరును, కంటిపాప ముడుచుకొనును, ప్రేగులు కదలును. అది రెండవ పక్షము. ఈ రెండవ పక్షపు లక్షణములను మనసున ఉంచుకొనుడు. కొంచెము సేపటిలో వానితో పనిపడును.

ఇప్పుడు అసలు ఘట్టమునకు వచ్చితిమి. నరము కండవరకు వచ్చి దానిని తాకదు. నడుమ వెంట్రుకకంటె ఎన్నో రెట్లు సన్నని ఎడము మిగిలియుండును. వార్త ఆ ఎడమును ఎట్లు దాటును? 1921లో ఆస్ట్రియా దేశమందలి గ్రాట్స్ నగరమున ఓటో లోయీ అను శాస్త్రజ్ఞుడు రెండు కప్పగుండెలను ఉప్పునీటిలో కొట్టుకొనుచుండ నుంచెను. మొదటి గుండె నరమును కదలించి దాని వేగమును తగ్గించెను. దాని చుట్టునున్న నీటిని తీసి రెండవ గుండెమీద పోయగా అదియు నెమ్మదించెను. నరము చివర ఏదియో పదార్థము ఊరుచున్నదని దీనివలన రుజువయ్యెను. ఆ పదార్థము పేరు అసిటైల్ కోలిన్. లోయీకి 1936లో, హెన్రీ డేల్ అను ఆంగ్లేయునితో కలసి, నోబెల్ బహుమానము వచ్చెను.

దీనిని చెరువు తూముతో పోల్చి చెప్పుదము. నరము చివరనుండి అసిటైల్ కోలిన్ వచ్చి కండమీది తూమును తెరచును, కండ బిగియును. తెరచిన తూమును వెంటనే మూయువాడొకడు ఉండవలెను గదా. ఆ పదార్థమును క్షణములో విరిచివేయు మరియొక ద్రవ్యము అక్కడనే కావలి కాయుచున్నది. తూము మూతపడును, కండ సడలును. ఊరి నీరటి తూము తెరచి మూయకుండ పోయినచో పొలమేమగునో మీకు మేము చెప్పనక్కరలేదు.

చేలలో కొట్టు పురుగుమందులలో మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, డైమిథోయేట్ అనునవి ఒకే జాతివి. ఇవి చేయు పని ఒకటే: తూమును మూయువాని చేతులు కట్టివేయుట. పురుగు చచ్చుట అందువలననే, మనిషి పడిపోవుటయు అందువలననే. మందు నోటిలోనికే పోనక్కరలేదు. తడిసిన చొక్కానుండి చర్మము ద్వారా ఎక్కును, గాలిలోని తుంపరల నుండి ఊపిరితో ఎక్కును. అప్పుడు రెండవ పక్షపు నరములు అదుపు తప్పును. నోటివెంట చొంగ, కన్నీరు, చెమట, వాంతి, విరేచనము కలుగును. కంటిపాప సూదిమొనయంత యగును. కండలు అదరును. ఊపిరితిత్తులలో నీరు చేరి శ్వాస ఆగును.

ప్రత్తి పండించు ప్రాంతమున ఒకచోట మేము సభకు పోయినపుడు చేనినుండి ఒక కూలీని తెచ్చి రచ్చబండ ప్రక్కన పడుకోబెట్టియుండిరి. త్రాగి వచ్చినాడు, మత్తు దిగిన లేచునని చుట్టు నిలిచినవారందరు అనుచుండిరి. మేమును మొదట అట్లే తలచితిమి. ఆరోగ్య ఉపకేంద్రపు నర్సు వచ్చి అతని కనురెప్ప ఎత్తి చూచి, ఆ చొక్కా విప్పుడని కేకవేసినది. ఆమె రాకున్న అతడు అచ్చటనే పోయియుండును. అటుపిమ్మట మాకు ఈ పాఠము చెప్పుటకు సభ దొరికినచో విడుచుట లేదు.

చేయవలసినది కష్టము కాదు. బట్టలు తీసివేసి, తలవెంట్రుకలతో సహా సబ్బుతో, ధారాళమైన నీటితో కడుగవలెను. కడుగువారు ఆ మందు తమ చేతులకు తగులకుండ జాగ్రత్తపడవలెను. మనిషిని ప్రక్కకు తిప్పి పండబెట్టవలెను. ఉప్పునీరు త్రావించి కక్కించుట పనికిరాదు. కక్కినది ఊపిరితిత్తులలోనికి పోవును. 108కి ఫోను చేసి, మందు డబ్బాను కూడ వెంట పంపవలెను. అట్రోపిన్ అను విరుగుడున్నది. అది అసిటైల్ కోలిన్ తెరచు తూములను కొన్నింటిని అడ్డగించి, ఊపిరితిత్తులను ఆరబెట్టును. డబ్బామీది పేరు చూచిన వైద్యునకు క్షణములు కలసివచ్చును.

2013 జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని ఒక గ్రామ పాఠశాలయందు మధ్యాహ్న భోజనము చేసిన పిల్లలలో 23 మంది మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసియున్నదని పరీక్షలో తేలినది. పురుగుమందు పోసిన డబ్బాలో నూనె నుంచిరని విచారణలో బయటపడెను. మన ఊళ్లలో ఖాళీ మందు డబ్బాలను కడిగి నీళ్లకు, కిరోసిన్‌కు, విత్తనములకు వాడుట మీరెరుగనిది కాదు. ఎంత కడిగినను ఆ డబ్బా శుభ్రము కాదు. దానికి మూడు నాలుగు చోట్ల చిల్లులు పొడిచిన మరియొకరు ఎత్తుకొనిపోరు. ఇందుకు పంచాయతీ తీర్మానము చాలును, నిధులు అక్కరలేదు.

పాముల సంగతియు ఈ తూము దగ్గరిదే. రక్తపింజర, చిన్నపింజర విషములు ముఖ్యముగా రక్తమును చెరచును. నాగుపాము, కట్లపాము విషములు నరమునకును కండకును నడుమ పనిచేయును. నాగుపాము విషము కండవైపు పోయి తూము తాళపుచెవి పట్టు రంధ్రమును పూడ్చును. కట్లపాము విషము నరము చివరను చేరి, తూము తెరచు ద్రవ్యమును ఖాళీ చేయించి, ఆ నరపు కొసనే పాడుచేయును. ఏదైనను ఫలిత మొకటే. మెదడు ఆజ్ఞ ఇచ్చుచునే యుండును, కండ వినదు.

కట్లపామును గూర్చి కొంచెము ఎక్కువ చెప్పవలెను. అది రాత్రి తిరుగును, నేలమీద పండుకొన్నవారిని కరచును. వాపుండదు, నొప్పి అంతగా నుండదు, కాటు గుర్తు వెదకినను కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపులో నొప్పియని లేతురు. ఇంటివారు అజీర్ణమనుకొందురు. పిదప కనురెప్పలు వాలిపోవును, మ్రింగుడు పడదు, మాట ముద్దయగును. నేలమీద పండుకొని లేచిన మనిషికి రెప్పలు వాలుచున్నవన్న, పామును ఎవ్వరును చూడకున్నను, ఆసుపత్రికి పంపవలెను.

ఆ దశలో రోగి కన్ను తెరవడు, పలుకడు, చేయి కదపడు. ప్రాణము పోయినదని ఏడ్పులు మొదలగును. కాని అతనికి అన్నియు వినబడుచుండవచ్చును. మెదడునకు ఏ హానియు కలుగలేదు. కండలకు వార్త అందుట లేదు, అంతే. ఊపిరి కండలు ఆగినందువలన చనిపోవునే గాని వేరొక కారణమున కాదు. యంత్రముతో గాని, చేతితో నొక్కు సంచితో గాని ఊపిరి నిలిపినచో, కొద్ది దినములలోనో వారములలోనో నరపు కొసలు తిరిగి పెరిగి మనిషి లేచి నడచును. విషపు విరుగుడు సూది నరములోనికి చేరకమునుపే విషమును పట్టుకొనును; పాడైన కొసను అది బాగుచేయలేదు. కావుననే తొందర. మంత్రము వేయించుటకు పోయిన రెండు గంటలు ఆ నరపు కొసలు చచ్చుచుండిన రెండు గంటలే. తాడు బిగించి కట్టుట, గాటు పెట్టుట, నోటితో పీల్చుట, ఈ మూడును హానికరములు. కాటుపడిన కాలిని విరిగిన ఎముకకువలె కదలకుండ కర్ర పెట్టి కట్టి, నడిపింపక మోసికొని పోవలెను. మంచమెక్కి, దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపుకొని నిద్రించువారిని కట్లపాము కరచుట అరుదు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున విరుగుడు సూదులు ఎన్ని నిలువ యున్నవో, రాత్రిపూట ఎవరుందురో వానలు పడకమునుపే విచారించి ఉంచుకొనుడు. పాము కరచిన తరువాత విచారించుటకు తీరిక యుండదు.

పక్షవాతము నరములలో పుట్టదు, మెదడులో పుట్టును. మెదడుకు పోవు రక్తనాళము గడ్డచే మూసికొనిపోవుటయో, చిట్లుటయో కారణము. మేము ముందు చెప్పినట్లు ఎడమ మెదడు దెబ్బతిన్న కుడి చేయి, కుడి కాలు పడిపోవును. తరచుగా మాటయు పోవును. మాటకు సంబంధించిన స్థానము చాలమందిలో ఎడమవైపుననే యున్నదని 1861లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు బ్రోకా రోగులను పరీక్షించుచు చూపుట మొదలిడెను. రక్తము అందని మెదడులో నిమిషమునకు సుమారు 19 లక్షల కణములు నశించునని లెక్కగట్టియున్నారు. రోగిని నవ్వుమనుడు, రెండు చేతులెత్తుమనుడు, తన పేరు చెప్పుమనుడు. నోరు ఒకవైపునకు పోయినను, ఒక చేయి వాలినను, మాట తడబడినను సంశయింపవలదు. గడ్డను కరిగించు సూదిమందున్నది గాని అది నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. ఇచ్చుటకు ముందు స్కానింగు తీసి, గడ్డయా చిట్లుటయా తేల్చుకొనవలెను. చిట్లినవానికి ఆ మందు ప్రాణాంతకము. ఇందుచేత దగ్గరి ఆసుపత్రి కంటె స్కానింగు ఉన్న ఆసుపత్రి మేలు. కాఫీయో, నీళ్లో నోట పోయరాదు, మ్రింగుడు నరములు కూడ పడిపోయియుండవచ్చును. పసరు పోయించుటకు దూరపు ఊళ్లకు కొనిపోవు బంధువులను ఆపుట మీవంటి పెద్దలకే సాధ్యము. రక్తపోటు మందును బాగున్నదని మధ్యలో మానివేయువారే ఇందు ఎక్కువగా చిక్కుకొనుచున్నారు.

వెన్నుపామును గూర్చి రెండు మాటలు మిగిలినవి. గర్భమున శిశువు నాడీమండలము మొదట ఒక గొట్టముగా ఏర్పడును. అది గర్భము నిలిచిన 28 దినములలో మూసికొనవలెను. అప్పటికి చాలమంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతియే తెలియదు. మూసికొననిచో బిడ్డ వెన్నుపాము బయటపడి పుట్టును. ఫోలిక్ ఆమ్లము ముందునుండి తీసికొన్న తల్లులలో, వెనుక అట్టి బిడ్డ కలిగినవారికి సైతము, ఈ లోపము నూటికి 72 వంతులు తగ్గెనని 1991లో ఇంగ్లండునుండి ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. ఆ ఫోలిక్ ఆమ్లమును 1940 దశకమున అమెరికాలో తయారుచేయు మార్గము కనుగొన్న బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. కొత్తగా పెండ్లియైన కోడళ్లు ఈ మాత్రలు ఇప్పటినుండే వేసికొనవచ్చునా యని ఆశా కార్యకర్తతో అత్తగారే అడిగించునట్లు మహిళా సభ్యులు చూడవలెను.

రెండవది తాటిచెట్టునుండి పడుట. తెగిన చేతి నరమును కుట్టినచో దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున మరల పెరుగును. తెగిన వెన్నుపాము అట్లు పెరుగదు. కాని పడినవెంటనే వెన్నెముక విరిగియు, లోపలి వెన్నుపాము తెగక యుండుట కలదు. తొందరలో ఒకరు చేతులు, ఒకరు కాళ్లు పట్టి ఎత్తునపుడు నడుము వంగి, విరిగిన ఎముక దానిని కోసివేయును. చెట్టు తీసినది నడుము ఎముకను. కాళ్లను తీసినది మన సాయము. నులకమంచము కూడ పనికిరాదు, నడుమ పల్లమగును. తలుపు చెక్కవంటి గట్టిది కావలెను. ఒకరు తలను, మెడను కదలకుండ పట్టుకొని యుండగా, ముగ్గురు ఒకే మాటుగా దుంగను దొర్లించినట్లు ప్రక్కకు దొర్లించి, చెక్కను జొనిపి, మరల వెల్లకిలగా వాల్చవలెను.

ఇది మాటలతో రాదు. ఆరోగ్య కేంద్రపు డాక్టరుగారు ఇచ్చటనే యున్నారు, వారు చేసి చూపుదురు. వెనుక వరుసలోని యువ సభ్యులు నలుగురు ముందుకు రండి. వరండాలో ఆనించిన ఆ తలుపు చెక్కను ఇటు తెప్పింపుడు. పండుకొనుటకు ఎవరైనను ఒకరు కావలెను. బరువైనవారైన మరియు మంచిది.